గౌను అంచు

బొమ్మలాయన గాజుతొట్టిలో నీళ్ళు తేరుకునేదాకా ఆగి, ప్లాస్టిక్ పాపను మెల్లగా లోపలికి దించాడు. పాప కాళ్ళకు కట్టిన గులకరాయి అడుగున ఇసుకను తాకింది. పైనున్న టేబుల్ లైటు వెలుగు నీళ్ళలో వణికి, వల పరిచినట్టు ఇసుక మీద కదిలింది. అంతా బాగానే ఉంది. పాప వేసుకున్న ఎర్ర గౌను మాత్రం తడిసిన గోనెసంచిలా కాళ్ళకు అతుక్కుపోయింది.

పిల్లల పుస్తకాలకు చిత్రాలు వేయడం ఆయన పని. ఇప్పుడు చేస్తున్న కథలో ఒక పిల్ల సముద్రం అడుగుకు దిగుతుంది. ఆ ఒక్క పేజీ రెండుసార్లు తిరిగొచ్చింది. నిన్న సంపాదకురాలు ఫోనులో చెప్పింది విన్నాకే, చూసి గీయడానికి ఈ తొట్టినీ పాపనూ సిద్ధం చేసుకున్నాడు.

"పిల్ల నీళ్ళలో ఉన్నట్టు లేదండీ. నీలం గోడ ముందు నిలబెట్టినట్టుంది. రేపు సాయంత్రం నేనే వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే పుస్తకం ఇంకొకరికి ఇవ్వక తప్పదు."

చేపలు గీస్తూ గీస్తూనే జుట్టు నెరిసిన మనిషి. దూరంగా ఉన్న చేప నీటి రంగులో కలిసిపోవాలని, లోతుకు పోయేకొద్దీ అన్నిటికన్నా ముందు మాయమయ్యేది ఎరుపేనని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అన్నీ తెలిసీ ఈ వేలెడంత పిల్లను ముంచలేకపోవడం ఆయనకు తల తీసేసినట్టుగా ఉంది.

కిటికీ దగ్గర కుర్చీలో అక్క కూర్చుని ఎడమ భుజం రుద్దుకుంటోంది. ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టి తమ్ముణ్ణి పెద్దవాణ్ణి చేసిన మనిషి ఆమె. పెళ్ళి ఊసెత్తడానికి ఇద్దరికీ తీరిక దొరకలేదు. పొద్దున భుజం పీకుతోందంటే డాక్టరు దగ్గరికి వెళదామన్నాడు. "మిషను మీద వంగి వంగి అరిగిన భుజం, మూలగక పాటలు పాడుతుందా? ముందు నీ పిల్ల సంగతి చూడు," అని కొట్టిపారేసింది.

ఇప్పుడు లేచి వచ్చి తొట్టిలోకి తొంగిచూసింది.

"తప్పు నీ రంగులది కాదురా. నా అంచుది."

"నీ అంచుకేమైంది? రెండు మడతలు వేసి మరీ కుట్టావుగా."

"అదే మరి. ఆ మడతల బరువే గౌనుని కిందికి లాగుతోంది. కత్తెర ఇటివ్వు."

ఆయన నిర్ఘాంతపోయాడు. ఆమె వేసిన కుట్టు ఊడిందని ఎవరూ అనగా వినలేదు. ఊడదీయమని ఎవరైనా బట్ట తెస్తే పక్క దుకాణానికి పొమ్మనేది. అలాంటి మనిషి గౌను విప్పి, తన చేతులతోనే అంచు చుట్టూ కత్తిరించేసింది.

"నీ పనయ్యాక మళ్ళీ అతికిస్తాలే. అంచు లేని బట్ట ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదు."

ఈసారి నీళ్ళలోకి దించగానే గౌను గొడుగులా విచ్చుకుని పైకి లేచింది. తెగిన చోట నూలుపోగులు ఒక్కొక్కటే ఊగాయి. అక్కాతమ్ముళ్ళు చిన్నపిల్లల్లా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఆమె కుట్టుపెట్టె తీసుకుని మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

ఆయన కొత్త కాగితం మీద పిల్లను గీసి, పలుచటి నీలం పూత మొదలుపెట్టాడు. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పూత తడిగా ఉన్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. ఎప్పుడో ఒకసారి అక్క పిలిస్తే చెయ్యి ఆగి, ఆకాశం మధ్యలో చార పడింది. అప్పటినుంచి ఆమె దగ్గు వచ్చినా మింగేసేది.

ఒక పూత ఆరాక దాని మీద ఇంకొకటి వేశాడు. గౌను ఎరుపు మెల్లగా వంకాయ రంగుకు తిరిగింది. దూరపు చేపలు మసకబారాయి. వెనక కుర్చీ ఒకసారి కిర్రుమంది. ఆయన తిరిగి చూడలేదు. తరువాత ఏ చప్పుడూ లేదు. క్షణం ఊరుకోని నోరు ఇంతసేపు కట్టుకుని కూర్చున్నందుకు అక్కను మనసులోనే మెచ్చుకున్నాడు.

చివరి పూత ఆరేసరికి పిల్ల మునిగింది. చూస్తుంటే ఆయనకే ఊపిరి బిగపట్టాలనిపించింది.

"ఆరిందక్కా. ఇక మాట్లాడు," అన్నాడు.

కుంచె నీళ్ళలో జాడించి పక్కన పెట్టాడు.

"అలిగావా ఏంటి?" అంటూ తిరిగాడు.

అక్క తల కిటికీ వైపు వాలి ఉంది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. ఎప్పుడు పోయింది? మొదటి పూతప్పుడా, రెండో పూతప్పుడా? కిర్రుమన్నది కుర్చీయేనా? పిలవబోయి, కాగితం తడిగా ఉందని ఆగిపోయిందా? అక్క చెయ్యి వదలకుండా కొయ్యబారి నిలబడిపోయాడు.

సంపాదకురాలు వచ్చేసరికి తలుపు తీసే ఉంది. ముందు ఆమె కంటపడింది చిత్రమే.

"ఇప్పుడు నీళ్ళలో ఉందండీ. నిజంగా నీళ్ళలోనే..." అంటూ ఆయన మొహం చూసి ఆగిపోయింది.

ఆయన పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"మాట్లాడకండి," అన్నాడు గుసగుసగా. "ఇంకా ఆరలేదు."

అప్పుడామె కుర్చీ వైపు చూసింది. చేతిలో సంచీ జారి పడింది.

ఇరుగుపొరుగు వచ్చారు. డాక్టరు వచ్చి, చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళాడు. నలుగురూ కలిసి అక్కను లోపల మంచం మీదికి చేర్చారు. ఆమె ఒడిలో ఉన్నది కుర్చీలో మిగిలిపోయింది. గౌను నుంచి కత్తిరించిన ఎర్ర అంచు అది. దానికి గుచ్చిన సూదిలో దారం ఎక్కించి, చివర ముడి కూడా వేసి ఉంది.