మిత్రమండలి ఓటేసిన ఆయిల్

నీడర్‌బెర్గె ఊరి మోటార్‌సైకిల్ మిత్రమండలిలో రాజకీయాలు మాట్లాడకూడదన్నది నియమం. మతం గురించి మాట్లాడే ఆసక్తి ఎవరికీ లేదు. అందుచేత సభ్యులకు పోట్లాడుకోవడానికి ఇంజన్ ఆయిల్ ఒక్కటే మిగిలింది. ఏ ఆయిల్ మంచిదన్న తగువుతో ఇద్దరు తోడల్లుళ్లు చాలాకాలంగా వేరువేరు బల్లల దగ్గర కూర్చుని బీరు తాగుతున్నారు. ఒకాయన పుట్టినరోజు విందులో ‘సింథటిక్’ అన్న మాట దొర్లినందుకు, కేకు కోయకముందే సగంమంది లేచి వెళ్లిపోయారు.

అధ్యక్షుడు లోటార్‌కి ఇది మింగుడుపడలేదు. ఉద్యోగకాలమంతా పురపాలక కార్యాలయంలో ఇళ్ల ప్లాన్లకు అనుమతులిచ్చి, అంతకు రెట్టింపు నిరాకరించి, రిటైరైన మనిషి అతను. చేతులెత్తించి లెక్కపెడితే తీరని చిక్కు లోకంలో లేదని అతని నమ్మకం. ఫిబ్రవరిలో జరిగిన సర్వసభ్య సమావేశంలో గొంతు సవరించుకుని, ఇకమీదట మండలి మొత్తానికీ ఒకటే ఆయిల్ అనీ, పెద్ద పీపా తెప్పించి అందరూ అందులోంచే పోసుకోవాలనీ ప్రతిపాదించాడు.

అది ఏ ఆయిల్ అన్నది తేలాల్సి వచ్చేసరికి అందరి చూపూ ఎవాల్ట్ మీదికి పోయింది. ఎవాల్ట్‌కి ఎనభై దాటాయి. మండలిలో పెద్దవాడు ఆయనే, అన్నిటికంటే పాత బండీ ఆయనదే.

“నేను ఏళ్ల తరబడి కారు ఆయిలే పోస్తున్నా,” అన్నాడాయన. “పెట్రోలు ఆదా చేసే రకం. డబ్బా మీద పచ్చటి ఆకు బొమ్మ ఉంటుంది చూడండి, అదీ. ఏమీ కాలేదు. బండి నాకంటే గట్టిగా ఉంది.”

ఇంతకుమించిన రుజువు ఎవరికి కావాలి. సభ్యులు తలలాడించారు. ఒక్క గుడ్రున్ మాత్రం చెయ్యెత్తింది. ఆమె అధ్యక్షుడి భార్య. ఊళ్లో కళ్లజోళ్ల దుకాణం నడుపుతుంది. ఒకరి అద్దాలు ఇంకొకరు పెట్టుకుంటే ఏమవుతుందో ఆమె రోజూ చూస్తూనే ఉంటుంది.

“ఎవాల్ట్ గారి బండిలో క్లచ్ విడిగా, పొడిగా ఉంటుంది. మన బండ్లలో అది ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. ఇలాంటి జారుడు ఆయిల్ పోస్తే పట్టు తప్పుతుంది. ఎంత చిక్కటిది పోయాలో ఎవరి బండి పుస్తకంలో వాళ్లకి రాసే ఉంది. కాకపోతే డబ్బా మీద, తడి క్లచ్‌కి పనికొస్తుందని చెప్పే ఎం.ఏ. అన్న గుర్తు ఉందో లేదో చూసుకోవాలి, అంతే.”

“ఆయిల్‌కి ఎమ్మే పట్టా ఎందుకు గుడ్రున్, దానికేమన్నా ఉద్యోగం ఇప్పిస్తావా?” అన్నారెవరో వెనకనుంచి. నవ్వులు సద్దుమణగడానికి కొంత సేపు పట్టింది.

“సభ్యురాలి అభిప్రాయాన్ని గౌరవిస్తున్నాం,” అన్నాడు లోటార్, సభ్యురాలి వైపు చూడకుండా. గౌరవించడం అయిపోయింది కాబట్టి ఓటింగ్ పెట్టాడు. ఒక్కటి తప్ప చేతులన్నీ పైకి లేచాయి. గుడ్రున్ తటస్థంగా ఉండిపోయింది.

ఇంటికెళ్లాక లోటార్ కోటు తగిలిస్తూ అన్నాడు: “అందరిముందూ నన్ను కాదన్నావు.”

“నిన్ను కాదనలేదు. ఆయిల్‌ని కాదన్నా.”

“ఆ రెండూ వేరని మండలికి ఎలా తెలుస్తుంది?”

గుడ్రున్ వెళ్లి బంగాళాదుంపలు పొయ్యిమీద పెట్టింది.

మార్చిలో పీపా దిగింది. లోటార్ దాన్ని తన గ్యారేజీలో, దేవుడి విగ్రహాన్ని ప్రతిష్ఠించినంత శ్రద్ధగా నిలబెట్టాడు. సభ్యులు ఒక్కొక్కరే వచ్చి, పాత ఆయిల్ దించి, కొత్తది పోసుకుని, పీపాను ఆప్యాయంగా తట్టి వెళ్లారు. తోడల్లుళ్లయితే ఒకే గరాటు వాడుకున్నారు. లోటార్ కళ్లు చెమర్చాయి. అదే వారంలో గుడ్రున్ తన బండిని దుకాణం వెనక షెడ్డుకి తోలుకెళ్లి, పుస్తకంలో చెప్పిన ఆయిలే పోసుకుని తెచ్చుకుంది. ఆమె అబద్ధమాడలేదు. అధ్యక్షుడి భార్యని అడగాలని ఎవరికీ తోచలేదు.

ఏప్రిల్‌లో ఏడాది తొలి సవారీ. కొండమీది సత్రంలో వేడి చెర్రీలతో వాఫుల్స్, అంటే గళ్లగళ్ల తీపి అట్లు, తినడం ఆనవాయితీ. నది పక్క చదునైన రోడ్డు మీద బండ్లన్నీ వెన్నలా సాగాయి. ముందు వెళుతున్న లోటార్ అద్దంలో వెనకున్న భార్యను చూసుకుంటూ, ‘ఏమంటావు ఇప్పుడు’ అన్నట్టు భుజాలు విరుచుకున్నాడు. ఊరు దాటాక రోడ్డు ఎక్కడం మొదలుపెడుతుందని గుడ్రున్‌కి తెలుసు.

మొదటి మలుపు తిరిగి అందరూ యాక్సిలరేటర్ తిప్పారు. ఇంజన్లు గొంతు చించుకున్నాయి. బండ్లు నెమ్మదించాయి. ఇంకా గట్టిగా తిప్పారు. ఇంజన్లు ఇంకా అరిచాయి, చక్రాలు మాత్రం తమకేమీ సంబంధం లేనట్టు ఊరుకున్నాయి. దూరంనుంచి వినేవాళ్లు అక్కడేదో పందెం జరుగుతోందని అనుకుని ఉంటారు. బ్యాటరీ సైకిల్ మీద, బుట్టలో కుక్కపిల్లతో వెళుతున్న ఒకావిడ వాళ్లందరినీ దాటుకుంటూ మర్యాదగా “శుభోదయం” చెప్పింది. మాడిన వాసన కమ్ముకుంది. మిత్రమండలి ఐకమత్యంగా, ఒకే వాలులో, ఒకరి వెనక ఒకరు ఆగిపోయింది.

చివర్లో వస్తున్న గుడ్రున్ బండి మాత్రం ఇబ్బంది లేకుండా ఎక్కుతోంది. లోటార్ దగ్గరికొచ్చేసరికి ఆమె వేగం తగ్గించింది. క్లచ్ సగం నొక్కి పట్టుకుంటే తన ఇంజన్ కూడా ఉత్తుత్తినే అరుస్తుంది, తనూ వాళ్లలో ఒకతెగా ఆగిపోవచ్చు. వేళ్లు లీవరు మీదికి వెళ్లాయి కూడా. కానీ బండి ఏ తప్పూ చేయలేదు. దానిచేత నాటకం ఆడించడానికి మనసొప్పక యాక్సిలరేటర్ తిప్పింది. ఆమె వెనకే ఎవాల్ట్ చెయ్యూపుకుంటూ ఎక్కివచ్చాడు.

సత్రంలో పొడవాటి బల్ల వేసి, అందరికీ పళ్లేలు సర్ది ఉంచారు. “మిగతావాళ్లేరండీ?” అని అడిగింది వడ్డించే అమ్మాయి.

“తీర్మానాన్ని అమలు చేస్తున్నారు,” అంది గుడ్రున్.

ఎవాల్ట్ వాఫుల్ మీద చెర్రీలు పరుచుకుంటూ నిజంగానే ఆశ్చర్యపోయాడు. “నేనూ ఆ ఆయిలే గదా పోసింది. వాళ్లకేమొచ్చింది అమ్మాయ్?”

ఆమె ఓపిగ్గా, పొడి క్లచ్ సంగతి, తడి క్లచ్ సంగతి మళ్లీ చెప్పింది. ఆయన శ్రద్ధగా విని తల పంకించాడు. “అయితే ఆరోజు సమావేశంలో ఈ మాట ఎవరైనా అనాల్సింది.”

గుడ్రున్ ఆయన పళ్లెంలో ఇంకో వాఫుల్ వేసింది.

చాలాసేపటికి లోటార్ నడుచుకుంటూ వచ్చాడు. తోలు జాకెట్‌లో చెమటలు కక్కుతున్నాడు. ఆమె ఎదురుగా కూలబడి, ఆమె కాఫీయే తీసుకుని తాగేశాడు.

“రోడ్డు పక్కనే అత్యవసర సమావేశం పెట్టారు,” అన్నాడు. “కొండ మరీ నిటారుగా ఉందని తేల్చారు.”

“ఏకగ్రీవంగానా?”

“నేను ఓటెయ్యలేదు.”

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను బల్లమీద రాలిన వాఫుల్ ముక్కల్ని వేలితో ఒకచోటికి చేరుస్తున్నాడు.

“నీ బండిలో ఏం పోశావు?”

“పుస్తకంలో ఉన్నది.”

“వాళ్లతో అనకు.”

“వాళ్లు నేను ఎక్కడం చూశారు లోటార్. అందరూ చూశారు.”

“చూడటం వేరు, మినిట్స్ పుస్తకంలోకి ఎక్కడం వేరు,” అన్నాడతను. అనేశాక, తన మాట తనకే ఎలా వినిపించిందో ఏమో, మొహం ఎర్రబడింది. “ఆరోజు నీ మాట వినాల్సింది,” అన్నాడు మెల్లగా, ఎవాల్ట్ కూడా వినేలాగే.

తర్వాత జరిగింది పెద్దగా చెప్పుకోవాల్సిందేమీ కాదు. అందరూ ఆ ఆయిల్ దించేసి, ఎవరికి సరిపడేది వాళ్లు పోసుకున్నారు. చాలా క్లచ్‌లు తేరుకున్నాయి, రెండు మూడింటికి లోపలి ప్లేట్లు మార్చాల్సి వచ్చింది. పీపాలో మిగిలింది సభ్యుల కార్లలోకి పోయింది. అక్కడ అది దివ్యంగా పనిచేసింది.

ఆరోజు మాత్రం లోటార్ సత్రం నుంచి తన బండి దాకా కిందికి దిగాలి. నడిచే ఓపిక లేదు. పెళ్లయ్యాక ఎప్పుడూ అతను ఆమె వెనక కూర్చోలేదు. అధ్యక్షుడు వెనక సీట్లో కూర్చోకూడదని నియమావళిలో లేకపోయినా, ఉందనే అతని ఉద్దేశం. ఎవాల్ట్ కూడా తీసుకెళతానన్నాడు, కానీ ఆయన మలుపులు తిరిగే తీరు లోటార్‌కి బాగా తెలుసు. హెల్మెట్ పెట్టుకుని, గుడ్రున్ వెనకెక్కి, నడుం తాకకుండా సీటు కింది కడ్డీని పట్టుకున్నాడు.

“గట్టిగా పట్టుకో,” అంది ఆమె.

“పట్టుకున్నా.”

“అది కాదు.”

సత్రం వాళ్లకి కనబడనంత దూరం వెళ్లాక అతను కడ్డీ వదిలి, చేతులు ఆమె నడుం చుట్టూ వేశాడు.