తుపాకి రాములు ఎయిర్ గన్

గోదావరిఖనిలోని ఆ గనుల కాలనీకి వెళ్లి బుచ్చిరాములు ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. తుపాకి రాములు అనాలి. అప్పుడు కుక్కలు కూడా దారి చూపిస్తాయి. ఆదిలాబాద్ జిల్లా బోథ్ దగ్గర జొన్నచేలను అడవిపందులు తవ్విపోస్తున్నాయని వాళ్ల బాపుకు ఎప్పుడో తుపాకి లైసెన్సు ఇచ్చారు. బాపు పోయాక ఆ డబల్ బ్యారెల్ తుపాకి కొడుకు పేరు మీదికొచ్చి, అతనితో పాటే కంపెనీ క్వార్టర్‌కు చేరింది. ముప్పై ఏళ్లు గనిలో పనిచేసినా అతనికి పేరు తెచ్చింది బొగ్గు కాదు, నెలకోసారి కరీంనగర్ షూటింగ్ రేంజికి వెళ్లి మట్టి పిడతలు పగలగొట్టి రావడమే.

అలాంటి మనిషి తుపాకి వదిలేశాడు. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ దాన్ని పోలీసు స్టేషన్లో అప్పగించాలి. వరసగా అసెంబ్లీ, పార్లమెంటు, పంచాయతీ వచ్చాయి.

"నీ తుపాకి నీ ఇంట్ల కంటె పోలీసోళ్ల ఇంట్లనే ఎక్కువున్నది భాయ్," అని హమీద్ నవ్వాడు. హమీద్ గనిలో అతనితో కలిసి పనిచేసినవాడు, ఇప్పుడు కాలనీ క్లబ్బు సెక్రటరీ.

దానికి తోడు కుడి భుజం నొప్పి. తుపాకి తన్ను ఇంకొకటి తగిలితే చెయ్యి పైకి లేవదని డాక్టర్ భయపెట్టాడు. బుచ్చిరాములు మనసు రాయి చేసుకుని తుపాకిని లైసెన్సు ఉన్న తుపాకుల షాపుకు అప్పగించి, ఒక ఎయిర్ గన్ తెచ్చుకున్నాడు. దానికి లైసెన్సు అక్కర్లేదు, పేలుడు లేదు, భుజానికి పోటు లేదు. పెరటి గోడకు పాత కన్వేయర్ బెల్టు ముక్క వేలాడదీసి, దాని ముందు బొంత కట్టి, దానిమీద టార్గెట్ కాగితం అంటించాడు. పది మీటర్లు కొలిచి సుద్దతో గీత గీశాడు.

అక్కడితో కథ సుఖంగా ముగియాల్సింది. కానీ మొదటిరోజే సరోజన బయటికొచ్చింది. ముప్పై అయిదేళ్లు తుపాకి పేరెత్తితే చెవులు మూసుకున్న ఇల్లాలు.

"గిదేనా? సప్పుడే లేదు గద! నాకోపారి ఇయ్యి."

పోనీలే, ముచ్చట తీరుతుందని ఇచ్చాడు. పక్కింటి పసిపిల్లను ఎత్తుకున్నట్టు మెల్లగా పట్టుకుని ఆమె కాల్చింది. పదికి తొమ్మిది.

"నసీబు," అన్నాడు బుచ్చిరాములు.

నెల తిరిగేసరికి ఆ నసీబు ప్రతి ఉదయం వస్తూనే ఉంది. ఆమె కాగితం మీద రంధ్రాలన్నీ నడుమన ముద్దగా ఉండేవి, అతనివి మాత్రం కాగితమంతా తిరిగొచ్చేవి. అసలు లోపం చేతిలో ఉంది. డబల్ బ్యారెల్ తన్నుతుందని ఇన్నేళ్లూ దాన్ని భుజానికేసి బిగించి పట్టడం అలవాటైంది. ఎయిర్ గన్‌లో స్ప్రింగు కొట్టినప్పుడు గన్ను తనంతట తాను కాస్త కదలాలి, బిగిస్తే గురి చెదురుతుంది. ఇది హమీద్ చెప్పాడు. చెప్పినా ఆ చేతులు వినవు. కళ్లద్దాలు పెట్టుకోమన్నా వినలేదు. గురికాడికి అద్దాలేమిటని అతని పట్టుదల.

కడుపు రగిలిపోయేది. ఆమె చేసిన పప్పు కూడా గొంతు దిగేది కాదు. ఊళ్లో ఎవడో గెలిస్తే ఓర్చుకోవచ్చు. తన ఇంట్లో, తను తెచ్చిన గన్నుతో, తన పెళ్లామే!

ఇంతలో కాలనీ ఆటల పోటీలు వచ్చాయి. ఎయిర్ గన్ పోటీకి క్వార్టర్‌కు ఒక్క పేరే. తన పేరు రాయించాలని బుచ్చిరాములు క్లబ్బుకు వెళితే హమీద్ రిజిస్టర్ తిప్పి చూపించాడు.

"వదినమ్మ పేరు రాసిన భాయ్. మీ పెరట్ల కాయితాలు జూసిన గద. క్వార్టర్ ఇజ్జత్ నిలవాలె."

బుచ్చిరాములు నవ్వి బయటికొచ్చాడు. ఆ నవ్వుకు దవడలు నొప్పి పుట్టాయి. ఇక నలుగురూ సరోజన మొగుడంటారు. తుపాకి పోయింది, ఆ పేరు కూడా పోతే ఇంకేం మిగులుతుంది?

పోటీ రోజు పొద్దున ఆమె స్నానానికి వెళ్లింది. బుచ్చిరాములు గన్ను తీసుకుని గురి చూసే వెనక సైటు పక్కనున్న స్క్రూ పట్టుకున్నాడు. డబల్ బ్యారెల్‌కు సైటంటే కొసన ఒక పూస, అంతే. ఈ స్క్రూ తిప్పితే గురి పక్కకు జరుగుతుందని అతనికి తెలిసి నెలే అయింది. టిక్, టిక్ మని ఆరుసార్లు తిప్పి, గన్నును ఎక్కడిదక్కడే పెట్టేశాడు.

క్లబ్బు మైదానంలో సరోజన మొదటి గుండు నల్ల చుక్కను దాటి ఎడమకు పోయింది. నాలుగు. జనం చప్పుడు చేశారు. బుచ్చిరాములుకు చల్లగా హాయిగా అనిపించింది, ఆ హాయికి వెంటనే భయమూ వేసింది.

సరోజన తొందరపడలేదు. గన్ను దించి, స్క్రూ దగ్గరికి ముఖం వంచి చూసింది. వేళ్లతో తిప్పడం మొదలుపెట్టింది. బుచ్చిరాములు ముందు వరసలోనే ఉన్నాడు, చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఆరుతో ఆగింది.

"ఏమైంది వదినమ్మా?" అన్నాడు హమీద్.

"ఏం లేదు భాయ్. ఆటోల కొట్టుకున్నట్టున్నది."

ఆమె మొగుడి వైపు చూడలేదు. మిగిలిన తొమ్మిది గుండ్లలో ఒక్కదానికి కూడా తొమ్మిది మార్కులకు తగ్గలేదు. మొదటి బహుమతి ప్రెషర్ కుక్కర్. చప్పట్లు కొట్టేవాళ్లలో అందరికంటే గట్టిగా కొట్టింది బుచ్చిరాములే.

తిరిగొచ్చే ఆటోలో కుక్కర్ ఆమె ఒడిలో, గన్ను అతని ఒడిలో ఉన్నాయి. ఆటో రెండు మలుపులు దాటింది.

"స్క్రూ ఊకె వదులైతున్నదని, జరిగితె ఎరుకైతదని గోళ్ల రంగుతోని గీత వెట్టిన," అంది సరోజన. "నీకు కనవడలేదా?"

అతని నోట అబద్ధం రాలేదు. "అద్దాలు పెట్టుకోలే."

"గందుకే నీ గురి కుదురుతలేదు." ఆమె కుక్కర్ మూత సర్దింది. "రేపటి సంది అద్దాలు పెట్టుకొని కాల్చు."

తిడితే బాగుండేదనుకున్నాడు. ఏడ్చినా బాగుండేది. తలెత్తి ఆమె ముఖం చూడలేక ఇల్లొచ్చేదాకా రోడ్డు చూశాడు.

మర్నాడు పొద్దున అద్దాలు పెట్టుకుని సుద్దగీత దగ్గర నిలబడ్డాడు. స్క్రూ మీద ఎర్రటి గీత ఇప్పుడు కనిపిస్తోంది. సరోజన వెనక స్టూలు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"చెయ్యి జర వదులు చెయ్యి," అంది.

వదులు చేశాడు. కాల్చాడు. పది.

నెలరోజుల్లో అతనికి పడ్డ మొదటి పది. అది కూడా ఆమె వల్లే పడిందని తెలిసి, బుచ్చిరాములుకు మళ్లీ కడుపు మండింది.