ఆరున్నర అంగుళాలు

డింప్నా హాన్రాటీ బొగ్గు పగలగొడుతోంది. పొయ్యి కోసం కాదు. వంటింటి నేల మీద మోకాళ్ళూని కూర్చుని, బస్తాలోంచి ఏరిన ఒక పెళ్లను పాత తువాలులో చుట్టి, చిన్న సుత్తితో తడుతోంది. తువాలు విప్పి, పొడిని టీ వడబోసే జల్లెడలో జల్లించి, మిరియపు గింజ కన్నా పెద్దగా ఉన్నవాటిని మళ్ళీ తువాలులో వేస్తోంది. ఇంజను వెనక బొగ్గుపెట్టెలో నిజం బొగ్గే ఉండాలి. నల్లరంగు పూసిన ప్లాస్టిక్ ముక్కలు పోసి మురిసిపోయేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళు మంట.

"అదేదో పొయ్యిలో వెయ్యవే తల్లీ, కాస్త వెచ్చగానన్నా ఉంటుంది" అంటూ వెనక తలుపు తోసుకుని వచ్చింది పక్కింటి కాన్సెప్టా మకార్డల్. ముప్పై ఏళ్ళుగా ఆవిడ ఆ తలుపు తట్టి ఎరగదు.

"వెచ్చదనం కావాలంటే కెటిల్ పెట్టుకో. నాకూ ఒక కప్పు పొయ్యి."

"ఆదివారం రిబ్బన్ కట్టింగుకి ఆ చిరుగుల స్వెట్టరేనా వేసుకొచ్చేది?"

"జనం వచ్చేది ఇంజన్ని చూడ్డానికి. నన్ను కాదు."

"అది నిజమేలే. నిన్ను చూస్తే ఉన్నవాళ్ళు కూడా పోతారు."

డింప్నా నవ్వలేదు గానీ, సుత్తి దెబ్బ ఒకటి తప్పింది.

ఆమెకు అరవై నాలుగేళ్ళు. పొట్టి మనిషి. ముప్పై నాలుగేళ్ళపాటు చెప్పుల ఫ్యాక్టరీలో కుట్టుమిషను ముందు వంగి కూర్చోవడంతో భుజాలు ముందుకు పడిపోయాయి. కుడి బొటనవేలి గోరు రెండుగా చీలి, అలాగే పెరిగింది. మెడలో రెండు కళ్ళజోళ్ళు వేలాడుతుంటాయి, ఒకటి మనుషుల్ని చూడడానికి, ఒకటి ఇత్తడిని చూడడానికి. మొదటిదాని అద్దాల మీద ఎప్పుడూ దుమ్మే. ఈ వంటింటి బల్ల మీద ఆమె చేసిన బొమ్మ ఇంజన్లు పదకొండు. ఊళ్ళో బొమ్మరైళ్ళ క్లబ్బువాళ్ళు వాటిని చూసి, మీ తమ్ముడు చేశాడా అని అడిగారు. ఆమెకు తమ్ముడు లేడు.

పన్నెండోది నీలిరంగు ఎక్స్‌ప్రెస్ ఇంజను, అసలుదానిలో నలభై మూడో వంతు. మూడేళ్ళు పట్టింది. డండాక్ వర్క్‌షాపు మూతపడి నలభై ఏళ్ళయిన సందర్భంగా పాత ధాన్యపు గిడ్డంగిలో కట్టిన ప్రదర్శనశాలకు దాన్ని ఇచ్చేసింది. ఆ వర్క్‌షాపులో ఆమె తండ్రి ఓవెన్ హాన్రాటీ ఇరుసులకు చక్రాలు ఎక్కించేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళు అదే పని. రెండు చక్రాల మధ్య దూరం సరిపోయిందా లేదా, అదొక్కటే ఆయన బతుకంతా చూసుకున్నది. అయర్లండులో పట్టాల మధ్య వెడల్పు ఐదడుగుల మూడంగుళాలు. ఇంగ్లండులో నాలుగడుగుల ఎనిమిదిన్నర. ఆ ఆరున్నర అంగుళాల తేడా గురించి ఆయన భోజనం దగ్గర మాట్లాడేవాడు, చర్చి మెట్ల మీద మాట్లాడేవాడు, పెళ్ళిళ్ళలో కూడా మాట్లాడేవాడు.

పని పోయిన రోజున ఆయన ఆఖరిసారి మిషను మీద ఒక పారేసిన ఇత్తడి ముక్క పెట్టి, అగ్గిపెట్టె కన్నా చిన్న దిమ్మ కోసి, భోజనం డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. బొమ్మ ఇంజను చక్రాల మధ్య దూరం చూసే కొలత అది. "ఇది సరిగ్గా దూరిందా, అది మన రైలు. దూరలేదా, ఇంకెవడిదో" అని కూతురి చేతిలో పెట్టాడు. ఆ తరవాత ఆయనకు ఎవరూ పని ఇవ్వలేదు. డింప్నా అప్పటినుంచీ దాన్ని స్వెట్టరు జేబులోనే ఉంచుకుంటుంది.

బొగ్గు చిన్న సీసాలో పోసుకుని, పదిన్నరకు అడుగున చక్రాలున్న సంచీ లాక్కుంటూ ప్రదర్శనశాలకు బయల్దేరింది.

గాజుపెట్టెలో నీలి ఇంజను కొత్త పట్టాల మీద మెరిసిపోతోంది. కమిటీ సెక్రటరీ కోల్మన్ బ్రీన్ స్వయంగా మూత తీశాడు. రిటైరైన స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు, టై లేకుండా ఎవరికీ కనబడని మనిషి. డింప్నా సీసా మూత తిప్పుతూ వంగింది. వంగినది అలాగే ఉండిపోయింది. కళ్ళజోడు మార్చుకుంది. జేబులోంచి దిమ్మ తీసి ముందు చక్రాల మధ్య పెట్టబోయింది. పట్టలేదు. వెనక చక్రాల మధ్యా పట్టలేదు.

"ఇదేంటి?"

"ఏది డింప్నా?"

"చక్రాలు."

"ఓ, అదా! ఇంగ్లండు నుంచి రెడీమేడ్ పట్టాలు తెప్పించాం. నీ బండి వాటి మీద కూర్చోలేదు. అందుకని బెల్‌ఫాస్టులో ఒకాయన చేత కాస్త సర్దించాం. ఎంత బాగా చేశాడనుకున్నావ్, రంగు మీద గీత కూడా పడలేదు."

సర్దించారట! ఇరుసులు బయటికి తీసి, కొనలు కోసేసి, చక్రాల్ని లోపలికి నెట్టడాన్ని సర్దడం అంటారట!

"నన్నొక మాట అడగలేదేం?"

"నువ్వు కంగారు పడతావని. చూడమ్మా, దేశమంతా ఇలాగే చేస్తున్నారు, క్లబ్బులో అందరివీ ఇంతే. తేడా అర సెంటీమీటరు కూడా లేదు, ఎవరికి కనబడుతుంది చెప్పు?"

"మా నాన్నకి."

"ఆయన పోయి..."

"ఇరవై ఏడేళ్ళు. అయినా కనబడుతుంది."

బ్రీన్ నవ్వాడు. పిల్లల జవాబు తప్పయినప్పుడు నవ్వే నవ్వు. ఆ నవ్వు చూశాక డింప్నా సీసానీ దిమ్మనీ జేబులో వేసుకుంది. రెండు చేతులూ పెట్టి ఇంజన్ని పైకెత్తింది.

"ఆగాగు, అది కమిటీకి రాసిచ్చేశావు కదా!"

"నేను రాసిచ్చింది ఇది కాదు బ్రీన్ గారూ. ఇది మీరు చేసింది. నేను చేసింది ఆదివారం లోపల పట్టుకొస్తా. పట్టాలు మార్పించి ఉంచండి. మార్పించలేకపోతే ఖాళీ పెట్టె చూపించుకోండి."

ఇంటికి వస్తూ వంతెన మీద రెండుసార్లు ఆగింది. ఎడమ చెయ్యి భుజం నుంచి లాగుతోంది. సంచీ బరువనుకుంది. కోపమనుకుంది. అంత కోపం వచ్చి చాలా ఏళ్ళయింది మరి. ఫ్యాక్టరీలో ఆమె కుట్టిన చెప్పుల జతకి ఫోర్‌మన్ పేరున బహుమతి వచ్చినప్పుడు కూడా ఊరుకుంది. ఇత్తడి బొమ్మలు ఆడవాళ్ళకెందుకని క్లబ్బువాళ్ళు వెనక వరసలో కూర్చోబెట్టినప్పుడూ ఊరుకుంది. తన వంతు అవమానాలు ఆమె ఎప్పుడూ మింగేస్తూనే వచ్చింది. ఇది తన వంతు కాదు.

బల్ల మీద పాత న్యూస్‌పేపరు పరిచి ఇంజన్ని వెల్లకిలా పడుకోబెట్టింది. ఇంజనుకు నాలుగు ఇరుసులు, బొగ్గుపెట్టెకు మూడు. అదనంగా ఏడూ చేసి బిస్కెట్ల డబ్బాలో దాచి ఉంచడం తండ్రి నేర్పిన జాగ్రత్త. ఒక్కో చక్రాల జత లాగి, కొత్త ఇరుసుకు ఎక్కించి, నొక్కి, మధ్యలో దిమ్మ పెట్టి చూసింది. దూరితే చిన్న టక్ మని చప్పుడొస్తుంది.

మూడింటికి కాన్సెప్టా సూప్ తెచ్చింది.

"నీ మొహం చూశావా? సున్నం కొట్టిన గోడలా ఉంది."

"చక్రాలు లోపలికి నెట్టించి, ఆ బ్రీన్ ఎవరికి కనబడుతుందని అడిగాడే."

"నాకూ కనబడదు. ఒట్టు. ఆ రైలుకీ ఈ రైలుకీ నాకు తేడా తెలిస్తే చెప్పుతో కొట్టు."

"ఇలా రా. ఇది పట్టుకో. కళ్ళు మూసుకుని దూర్చు."

కాన్సెప్టా కళ్ళు మూసుకుని దిమ్మను బాగుచేసిన జతలో దూర్చింది. టక్. పక్కజతలో ప్రయత్నించింది. దూరలేదు. ఇంకోసారి ప్రయత్నించింది.

"ఓసి నీ... ఇంత చేశాడా వాడు!"

"సూప్ అక్కడ పెట్టు. ఇంకో మూడే."

సాయంత్రం ఆరింటికి రేడియోలో ప్రార్థన గంటలు మోగుతుండగా గిన్నె కోసం కాన్సెప్టా మళ్ళీ వచ్చింది. సూప్ మీద మీగడ కట్టి ఉంది. డింప్నా బల్ల మీద చేతులు పెట్టుకుని, చేతుల మీద తల ఆన్చి ఉంది. ఇత్తడిని చూసే కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. కాన్సెప్టా రెండుసార్లు పిలిచింది, మూడోసారి పిలవకుండా పక్క కుర్చీలో కూర్చుని, గంటలు అయిపోయేదాకా ఆ చల్లబడ్డ చెయ్యి పట్టుకుంది.

శుక్రవారం ముందుగదిలో శవపేటిక చుట్టూ జనం, వంటింట్లో టీ, హామ్ శాండ్‌విచ్‌లు. బ్రీన్ నల్ల టైతో వచ్చాడు, అందరి చేతులూ పట్టుకుని విచారం చెప్పాడు, శాండ్‌విచ్ తీసుకుని వంటింట్లోకి నడిచాడు. బల్ల చివర ఇంజను ఉంది.

"ఈ సమయంలో అడగకూడదు గానీ మిసెస్ మకార్డల్, ఆదివారం మంత్రిగారు వస్తున్నారు. ఆవిడ జ్ఞాపకార్థం కూడా బాగుంటుంది. నేను పట్టుకెళ్తా. మావాడు మళ్ళీ కాస్త..."

"సర్దుతాడా?"

టీ కప్పుల చప్పుడు ఆగింది. మనిషి ఇంకా మట్టిలోకి పోకముందే, ఆమె వంటింట్లోనే, ఆమె హామ్ తింటూ!

కాన్సెప్టా దిమ్మ తీసి అతని అరచేతిలో పెట్టింది. "ఆవిడ ఆరు జతలు చేసింది. ఒకటి మీదే, మీరు చేయించినట్టే ఉంది. ఇది ఆ చివరి జతలో దూర్చండి. దూరితే తీసుకుపోండి."

బ్రీన్ శాండ్‌విచ్ పక్కన పెట్టాడు. ముందు ఆరో జతలో పెట్టి చూశాడు. టక్. అప్పుడు చివరిదానికి పెట్టాడు. నిలువుగా తిప్పాడు, అడ్డంగా తిప్పాడు, కాస్త గట్టిగా నొక్కాడు. వంటింట్లో అందరూ అతని వేళ్ళనే చూస్తున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. దిమ్మను అక్కడే వదిలేసి, టోపీ తీసుకుని, వెనక తలుపు గుండా వెళ్ళిపోయాడు.

ఆదివారం ఖాళీ పట్టాల ముందు రిబ్బన్ కత్తిరించారు. డింప్నా బల్ల మీద నీలి ఇంజను ఇంకా వెల్లకిలానే ఉంది, దాని చివరి రెండు చక్రాల అంచు మీద, లోపలికి పోలేక, ఆ ఇత్తడి దిమ్మ ఆనుకుని ఉంది.