చిన్న చిన్న సవరణలు

ఆమెకు మూటలమ్మ అని పేరు పెట్టింది వదినే. పదకొండేళ్లుగా ఆమె కంటికి రెప్పలా చూసుకుంటున్న కోడ్ లైబ్రరీ చేసే పని ఒక్కటే: కుదించి మూటగట్టి పంపిన ఫైళ్లను విప్పి, ఎక్కడివక్కడ సర్దడం. ఊరికే ఇచ్చింది, ఎవరైనా వాడుకోవచ్చు. వేలమంది తమ సాఫ్ట్‌వేర్‌లో కలిపేసుకున్నారు కూడా. రాసిందెవరని ఎవరూ అడగకపోయినా ఆమెకు గర్వమే. "నా కోడ్‌లో వేలు దూరే సందు కూడా ఉండదు" అని ఒకసారి సభలో మైకు పట్టుకుని మరీ అంది. కాలు జారితే తీసుకోగలం గానీ, నోరు జారితే తీసుకోలేం.

సందు ఉంది. ఎనిమిది నెలల కిందట ఆమెకే కనబడింది. మూటలోని ఫైలుకు కాస్త కొంటెగా పేరు పెడితే చాలు, అది తనకిచ్చిన ఫోల్డర్‌లో ఉండకుండా గోడ దూకి, మెషిన్‌లో ఇంకెక్కడో ఉన్న అసలు ఫైలును చెరిపేసి ఆ చోట తాను కూర్చుంటుంది. వేగం పెంచుదామని, పేర్లను తనిఖీ చేసే నాలుగు లైన్లు తీసేసింది స్వయంగా ఆమే. ఆ మధ్యాహ్నమే వాటిని మళ్లీ పెట్టి కొత్త వెర్షన్ విడుదల చేసింది. ఏం మారిందో చెప్పే నోట్‌లో మాత్రం, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా, "చిన్న చిన్న సవరణలు" అని రాసి ఊరుకుంది. బాగుచేశాను కదా, ఇంకా చాటింపు దేనికి అనుకుంది. అలా అనుకోవడానికి పెద్ద చదువులక్కర్లేదు, పరువు మీద తీపి ఉంటే చాలు.

వదిన రక్తపరీక్షల ల్యాబ్‌లో పెద్ద టెక్నీషియన్. ఒకరోజు పొద్దున మూటలమ్మ తన థైరాయిడ్ రిపోర్టు కోసం అక్కడికి వెళ్లింది. వదిన కంప్యూటర్ తెరిచింది. సాఫ్ట్‌వేర్ మొదలయ్యేటప్పుడు అందులో వాడిన లైబ్రరీల పేర్లు స్క్రీన్ అడుగున వరసగా కదిలాయి. వాటిలో తన లైబ్రరీ ఉంది. పక్కనే పాత వెర్షన్ నంబరు.

"వదినా, శాఖల నుంచి రిపోర్టులు మీకెలా వస్తాయి?"

"మూటలు కట్టి పంపుతారు, నీ కోడే విప్పుతుందట. మురిసిపోయావా?"

మూటలమ్మ ఆ నంబరు మీంచి కళ్లు తిప్పలేదు. "దీన్ని చూసుకునేదెవరు?"

చూసుకునేది సిస్టమ్స్ సారు. యాభై దాటిన నెమ్మదస్తుడు. చంకలో ఎప్పుడూ ఒక లావుపాటి నోటుపుస్తకం ఉంటుంది. ల్యాబ్‌లో వాడే ప్రతి లైబ్రరీకీ ఒక పేజీ. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దాని నోట్ చదివి, చేత్తో ఎక్కించుకుంటాడు.

"దీన్ని వెంటనే మార్చాలి సార్," అంది మూటలమ్మ.

ఆయన పేజీ తిప్పి చూపించాడు. "చదివానండీ. 'చిన్న చిన్న సవరణలు' అన్నారు. ప్రమాదమంటే ఆ రోజే మారుస్తాను. చిన్నవైతే ఏడాదికోసారి, అన్నీ కలిపి. ఊరికే ఆపితే పేషెంట్లు గుమ్మంలో నిలబడాలి కదా. అయినా రాసినవాళ్లకి తెలీదంటారా?"

"రాసింది మా ఆడపడుచే సార్!" అంది వదిన, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ.

ఆయన లేచి నిలబడ్డాడు. "మీరా మేడమ్! మీ నోట్స్ ఒక్కటీ వదలను. మీరు చెబితే ఇంకేం, ఇప్పుడే మార్చేస్తా."

అక్కడితో పని అయిపోయేది. ఆయన మార్చేవాడు, ఆమె రిపోర్టు తీసుకుని ఇంటికి పోయేది. కానీ ఇలా నోట్ చదివి, నమ్మి, పక్కన పెట్టిన జాగ్రత్తపరులు ఇంకెన్ని చోట్ల ఉన్నారో! నిర్లక్ష్యంగా ఉన్నవాళ్లు కాదు, తన మాట మీద గురి ఉన్నవాళ్లే మోసపోయారు. అది తలచుకోగానే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆ నోట్ అబద్ధం సార్," అంది. ఎనిమిది నెలల కిందట జరిగిందంతా చెప్పింది.

ఆయన ఆ పేజీలో ఎర్ర సిరాతో "ప్రమాదం" అని రాసి, శాఖలకు ఫోన్ చేసి గంటసేపు ఏమీ పంపొద్దని చెప్పాడు.

వదిన నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. "అంటే ఒకరి షుగరు ఇంకొకరి పేరు మీద వచ్చేదా?"

"వచ్చే వీలుంది."

"ఎనిమిది నెలలు నా పక్కన కూర్చుని కబుర్లు చెప్పావు. ఒక్క ముక్క అనలేకపోయావా?"

"సిగ్గేసింది వదినా."

"నీ సిగ్గు నీ దగ్గరే పెట్టుకో. నా పేషెంట్లకి అంటించకు."

శాఖల నుంచి పాత రిపోర్టుల కాగితాలు తెప్పించి, కంప్యూటర్‌లో ఉన్నవాటితో సరిచూశారు. తేడా రాలేదు. అదృష్టం అనుకోవాలి, అంతే. మూటలమ్మ మాత్రం మూలనున్న స్టూలు మీద కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని బహిరంగ ప్రకటన రాసింది. లోపం ఏమిటో, ఎంత తీవ్రమైనదో, ఏ వెర్షన్‌కు మారాలో రాసింది. చివరన, "ఇది ఎనిమిది నెలలుగా నాకు తెలుసు. దాచాను" అని చేర్చింది.

వదిన భుజం మీంచి చదివి, కాస్త మెత్తబడింది. "ఆ చివరి ముక్క కూడా రాయాలా? పరువు గంగలో కలుస్తుందే."

"కలవనీ," అని బటన్ నొక్కింది.

మధ్యాహ్నానికల్లా జవాబులు వచ్చిపడ్డాయి. తిట్టినవాళ్లు తిట్టారు. సభలో ఆమె అన్న మాటనే ఎత్తి చూపి వెక్కిరించినవాళ్లున్నారు. వెర్షన్ మార్చామని చెప్పినవాళ్లు వందల్లో ఉన్నారు. అన్నీ ఓర్చుకుని చదివింది. ఒక ఉత్తరం దగ్గర ఆగిపోయింది.

"నాలుగు నెలల కిందట మా గిడ్డంగిలో సరుకు లెక్కల ఫైళ్లు మారిపోయాయి. ఆ మెషిన్ దగ్గర కూర్చునేది నేనొక్కణ్ణే కాబట్టి నేనే మార్చానని పనిలోంచి తీసేశారు. మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. తను ఇంకా నమ్మడం లేదు. అప్పటికే మీకు తెలుసా అండీ?"

"తెలుసు," అని జవాబు రాసింది మూటలమ్మ. "ఆ రోజు వచ్చిన మూట ఉంటే పంపండి."

పంపాడు. విప్పకుండా లోపలి పేర్లు మాత్రమే చూసింది. గోడ దూకే ఫైలు మూడో వరసలో ఉంది. వెంటనే అతని మేనేజర్ నంబరు అడిగి తీసుకుంది.

"ముందు ఎవరైనా లాయర్‌ని అడగవే. కేసు పెట్టారంటే?" అంది వదిన.

"పెట్టుకోనీ వదినా."

ఫోన్ ఎత్తిన మేనేజర్‌కు ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పింది. "ఆ ఫైళ్లు మార్చింది మీ మనిషి కాదండీ. బయటివాళ్లు. వాళ్లకి దారి వదిలింది నేను. రుజువు పంపాను, చూడండి."

అవతల కాసేపు కీబోర్డు చప్పుడైంది. "అలాగే ఉన్నట్టుంది. సరే, మీటింగులో పెట్టి చూస్తాం లెండి," అన్నాడు మేనేజరు.

"మీటింగు తర్వాత పెట్టుకోండి," అంది మూటలమ్మ. "ముందు అతని భార్యకు ఫోన్ చేసి చెప్పండి. నేను లైన్‌లోనే ఉంటాను."