చూద్దాం

అతని నోట ‘కుదరదు’ అన్న మాట ఆ ఫ్యాక్టరీలో ఎవరూ విని ఎరగరు. ఎవరు ఏది అడిగినా కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ‘చూద్దాం’ అనేవాడు. అడిగినవాడు దండం పెట్టి లేచిపోయేవాడు. అంతటితో ఆ సంగతికి నీళ్ళు వదులుకోవాలని అందరికీ తెలుసు.

ఇంజనీరింగ్ పూర్తిచేసి బాయిలర్ షెడ్డులో చేరిన కొత్తలో అతను ఇలా ఉండేవాడు కాదు. మోచేతుల దాకా గ్రీజుతో తిరిగేవాడు. ఆవిరి గొట్టం కింద కళ్ళు మూసుకు నిలబడి, ఏ జాయింటు వదులైందో చప్పుడును బట్టి చెప్పేవాడు. మరమ్మతు కావాలని పైకి వెళ్తే అప్పటి మేనేజరు ‘చూద్దాం’ అనేవాడు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత కిటుకు తెలిసింది. కాదంటే పగ, సరేనంటే తలనొప్పి. చూద్దామంటే రెండూ లేవు. ఆ మాట పట్టుకునే షెడ్డులోంచి ఆఫీసుకి, ఆఫీసులోంచి పై అంతస్తు అద్దాల గదికి చేరి ఎండీ అయ్యాడు.

ఇంట్లోనూ అదే వరస. వంటగది గోడ చెమ్మ పట్టిందని భార్య మొత్తుకుంటే చూద్దామన్నాడు.

“విన్నావుట్రా?” అంది ఆవిడ తమ్ముడితో. “మీ బావ చూద్దామన్నారు. ఇక మేస్త్రీని నువ్వే వెతుకు.”

“మాకక్కడ రోజూ ఇదే భోగమక్కా,” అని నవ్వాడు తమ్ముడు. ఇప్పుడు బాయిలర్ షెడ్డు చూసేది అతనే.

ఆ ఉదయం డైరెక్టర్లు వచ్చే వేళకి బావమరిది ఫోన్ చేశాడు.

“బావా, పక్కన ఎవరైనా ఉన్నారా? ఉంటే సార్ అంటాను.”

“ఎవరూ లేరు, చెప్పు.”

“పెద్ద గొట్టం జాయింటు ఈల వేస్తోంది. నాకెందుకో నచ్చలేదు. ఈ పూటకి ఆపేస్తాను, ఊఁ అనండి.”

“ఒకటే ఈలా, ఆగి ఆగి వేస్తోందా?”

“ఆగి ఆగి.”

అతనిలో పాత చెవి లేచి కూర్చుంది. దిగి వెళ్ళి ఆ గొట్టం కింద నిలబడితే తెలిసిపోతుంది. వస్తున్నాను, ఇద్దరం కలిసి చూద్దామని అతని ఉద్దేశం. నోటి నుంచి వచ్చింది మాత్రం ఒక్క ముక్కే.

“చూద్దాం.”

అవతల చిన్న నవ్వు వినిపించింది. “అర్థమైందిలెండి బావా.”

అర్థమైందనే అనుకున్నాడు. బీరువా మీద దుమ్ము పట్టిన హెల్మెట్ దించాడు. ఈలోగా డైరెక్టర్లు రానే వచ్చారు. చేతులు కలిపి, కుశలం అడిగి, కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని మెట్లు దిగుతుండగా కిటికీ అద్దాలన్నీ ఒక్కసారిగా అదిరాయి.

షెడ్డు ముందు తెల్లటి ఆవిరిలో మనుషులు అరుస్తున్నారు. ఆపడానికి అనుమతి రాలేదని, గొట్టంలో ఆవిరి ఉండగానే బోల్టులు బిగించడానికి బావమరిది నిచ్చెన ఎక్కాడట. కూలీలని ఎక్కనివ్వలేదట.

“ఎండీ గారు ఆపమనలేదా?” అన్నాడెవరో.

“చూద్దామన్నార్ట.”



ఆసుపత్రి వరండాలో భార్య బల్ల మీద కూర్చుని ఉంది. “వాడు మీకు ఫోన్ చేశాడటగా. ఏమన్నారు?”

“చూద్దామన్నాను.”

ఆవిడ తలెత్తి చూసింది.

“నిజంగా చూద్దామనే అన్నాను. దిగి వస్తున్నాను కూడా.” ఆ మాట అతనికే అబద్ధంలా వినిపించింది. ఆవిడ మొహం తిప్పుకుంది.

తలుపు తోసుకుని డాక్టరు బయటికి వచ్చాడు. ఆవిడ గబుక్కున లేచింది. “మా తమ్ముడు బతుకుతాడా, డాక్టరుగారూ?”

డాక్టరు కళ్ళజోడు తీసి, కోటు అంచుతో నెమ్మదిగా తుడుచుకున్నాడు. “చూద్దామమ్మా,” అని వెళ్ళిపోయాడు.

ఆవిడ భర్త చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “ఏవండీ, ఆయన నిజంగా చూద్దామనే అన్నారు కదా? మీకైతే తెలుస్తుంది. చెప్పండి.”

కళ్ళజోడు తుడుచుకున్న ఆ చేతుల్ని అతను చూశాడు.

“అవును,” అన్నాడు.