అర్చన పేరుతో ఆడిన పిల్ల

అర్చన స్కూటీ దిగి నవ్వుతూ వస్తుంటేనే నాకు ఒళ్ళు మండింది. పుంగనూరులో ఒకే హైస్కూల్లో చదివాం, నాకంటే చిన్నది. మదనపల్లెలో నేను పీఈటీగా పనిచేసే ఈ ప్రైవేటు బడి వైపు ఏనాడూ తొంగిచూసింది లేదు.

“భారతక్కా, స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి నా పేరొచ్చిండాది,” అంది. “ఇంకా పదైదు దినాలకి కుప్పంలో గ్రౌండు టెస్టు. బంతి ఏసి సూపీమంటారంట. పిచింగ్ నేర్పక్కా. నేనెప్పుడూ ఏసిందాన్ని కాదు, నీకు తెల్సు గదా.”

తెలియకేం. వేసింది నేనే.

తొమ్మిదేళ్ళ కిందటి మాట. పదిహేడేళ్ళ లోపు ఆడపిల్లల జాతీయ సాఫ్ట్‌బాల్ పోటీలు. కాగితం ప్రకారం నాకు వయసు పన్నెండు రోజులు ఎక్కువైంది. నిజానికి దాదాపు ఏడాది తక్కువే. మా అమ్మానాయనా పెద్దపంజాణి పక్కన చేలల్లో కూలికి పోయేవాళ్ళు. ఇంట్లో చూసుకునే దిక్కులేక, నాలుగేళ్ళ దాన్ని ఐదేళ్ళని చెప్పి నాయన నన్ను బడిలో వేశాడు. మా ఊళ్ళో సగం మంది పిల్లలకు అలా పెంచిన వయసే. వాళ్ళెవరికీ దాంతో నష్టం రాలేదు.

కోచ్ ఉమాపతి సార్ కాసేపు తల గోక్కుని, అర్చన వివరాలు రాసిన ఫారం మీద నా ఫోటో అంటించాడు. “పేరుదేముండాది మే? ఆడేది నువ్వు. బంతి నీ పేరడగతాదా?” అన్నాడు. అర్చన అప్పటికి మైదానం పక్కన కూర్చుని స్కోరు రాసేది, అంతే.

ఫైనల్లో ఆఖరి ముగ్గురినీ బ్యాటుకు బంతి తగలనివ్వకుండా బయటికి పంపాను. మైకులో “అర్చన” అని పిలిస్తే పరుగెత్తుకెళ్ళి బంగారు పతకం వేయించుకున్నాను. పేరు ఎవరిదైతేనేం, మెడ నాదే కదా అని సంబరపడ్డాను. చిన్నపిల్ల బుద్ధి.

తర్వాత సొంత పేరుతో మూడుసార్లు సీనియర్ జాతీయ పోటీలు ఆడాను. ఒక్కసారీ మా జట్టు క్వార్టర్ ఫైనల్ దాటలేదు. ఇది తొమ్మిది మంది ఆట, నా ఒక్క చెయ్యి ఎంతకని లాగుతుంది? కోటాలో ఉద్యోగం రావాలంటే గెలిచిన సర్టిఫికెట్ కావాలి. పతకం మా ఇంట్లో మేకుకు వేలాడుతోంది, సర్టిఫికెట్ అర్చన బీరువాలో ఉంది.

ఆ సాయంత్రమే బస్సెక్కి పుంగనూరు పోయి, నిజం చెప్పేస్తానన్నాను ఉమాపతి సార్‌తో.

“చెప్పుకో పో,” అన్నాడు. “జట్టు గెలుపే రద్దయితాది. ఆ కాయితంతోనే మీ జట్టులో శ్వేతకి పోలీసు ఉద్యోగమొచ్చె, కౌసల్యకి రైల్వేలో వచ్చె. వాళ్ళ నోట్లో మన్ను కొడతావా? అయినా దొంగపేరుతో ఆడింది ఎవరు మే? నువ్వే గదా.”

ఫోటో అంటించిన చెయ్యి ఆయనది. దొంగను మాత్రం నేను.

నేర్పాను. బడి వదిలాక రోజూ రెండు గంటలు అర్చనకు ఎదురుగా నిలబడి, చెయ్యి గుండ్రంగా తిప్పి తొడ పక్కన మణికట్టు విదిలించడం చూపించాను. ఆమె నాకోసం క్యారియర్లో రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి తెచ్చేది. “నీకు అన్యాయం చేస్తాండానక్కా,” అని ఒకరోజు ఏడ్చింది. ఆ పిల్ల చెడ్డదైనా బాగుండేది, హాయిగా తిట్టుకునేదాన్ని.

అర్చనకు తోడుగా కుప్పం వెళ్ళాను. మైదానం అంచున ముగ్గురు పరీక్షాధికారులు కూర్చున్నారు. అర్చన పది బంతులు వేస్తే ఆరు సరిగ్గా పడ్డాయి. ఇద్దరు తలలూపి రాసుకున్నారు. మూడో ఆయన, జుట్టంతా నెరిసిన పెద్దాయన, సర్టిఫికెట్ మళ్ళీ తీసి చూశాడు.

“ఆ ఫైనల్‌కి అంపైర్ని నేనేనమ్మా. అట్లాంటి వేగం మళ్ళీ సూడలేదు. కానీ ఆ పిల్ల ఎడంచేత్తో ఏసింది గదా?”

నాది ఎడమచెయ్యి. పదిహేను రోజులు అద్దంలో బొమ్మలా ఎదురెదురుగా నిలబడినా ఆ సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

అర్చన ముఖం పాలిపోయింది. నావైపు చూసింది. నాకు భయం కాదు, ఆశ పుట్టింది. నా ఆట గుర్తుందన్న మనిషి ఇన్నేళ్ళకు దొరికాడు. ఒక్క బంతి వేస్తే ఆయన గుర్తుపడతాడు. బంతి నా కాళ్ళ దగ్గరే ఉంది. వంగాను కూడా. అంతలో యూనిఫారంలో ఉన్న శ్వేత కళ్ళముందు మెదిలింది. మొన్ననే ఫోన్ చేసి, వాళ్ళమ్మకు ఇల్లు కడుతున్నానని చెప్పింది.

“ఎడమ భుజం దెబ్బతినింది సార్,” అన్నాను. “డాక్టరు ఆ చెయ్యి ఎత్తొద్దన్నాడు. అందుకే కుడిచేత్తో నేర్చుకునింది.”

పెద్దాయన కుర్చీలోంచి లేచి వచ్చాడు. అర్చన ఎడమ భుజం మీద మెల్లగా చెయ్యి వేశాడు.

“ఎట్లాంటి చెయ్యి పోగొట్టుకున్నావు తల్లీ,” అన్నాడు. ఆయన కళ్ళు తడిశాయి. అర్చన తలవంచుకుని నిలబడింది.

నా ఆట కోసం ఈ లోకంలో ఒకే ఒక్కడు కంటతడి పెట్టాడు. ఆ కన్నీళ్ళు కూడా అర్చనకే ఇప్పించి, నేను చెల్లాచెదురుగా పడిన బంతులు ఏరుకోవడానికి వెళ్ళాను.