తన చావు కబురు

కామాలు దిద్దడం ఆర్డిస్ పని. పెళ్ళయిన నలభై మూడేళ్ళ నుంచీ అంతే. కల్నల్ రాయిస్ టాల్మన్ చేసే ప్రసంగాలు, కింది అధికారులను మెచ్చుకుంటూ రాసే లేఖలు, చనిపోయిన సైనికుల తల్లులకు పంపే ఉత్తరాలు అన్నీ ఆమె వంటింటి బల్ల మీదకు వచ్చి, ఎర్ర పెన్సిల్ చేత చీవాట్లు తిని, శుభ్రంగా టైపయి ఆయన సంతకానికి వెళ్ళేవి. "మావాడికి ఎంత చక్కటి భాషో!" అని అత్తగారు మురిసిపోయేది. ఆ మంగళవారం పొద్దున కూడా ఆయన అలాగే రెండు కాగితాలు తెచ్చి ఆమె ఓట్స్ జావ గిన్నె పక్కన పెట్టాడు. "తీరిక చూసుకుని ఒకసారి దిద్దిపెట్టు ఆర్డిస్. తొందరేం లేదు" అన్నాడు. ఆ మాట నోరు దాటాక ఆయనకే ఎలాగో అనిపించింది కాబోలు, కాఫీ కప్పు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. ఆ కాగితాల మీద ఉన్నది పేపర్లో వేయించడానికి ఆయన రాసిన ఆమె చావు కబురు.

క్లోమంలో పుట్టిన కాన్సర్ కాలేయానికి పాకిందనీ, క్రిస్మస్ దాకా ఆశ పెట్టుకోవద్దనీ డాక్టరు చెప్పి మూడు వారాలైంది. మర్నాడే కల్నల్ ఒక నల్ల ఫైలు తెరిచాడు. పాస్టరుకు చెప్పాల్సిన సంగతులు, శవపేటిక మోసేవాళ్ళ పేర్లు, చర్చిలో పాడాల్సిన కీర్తనలు. ఆమెకు కోపం రాలేదు. భయం వేసినప్పుడు జాబితాలు రాయడం తప్ప ఆయనకు మరో పని చేతకాదని ఆమెకు తెలుసు. ఏడవడం ఆయనకెవరూ నేర్పలేదు. అది కూడా తన పనుల్లోదేనేమో, తను నేర్పలేకపోయిందేమో అని ఒక్క క్షణం అనుకుని, ఛీ, ఇక చాలు అనుకుంది.

చదివింది. "కల్నల్ రాయిస్ టాల్మన్ ప్రియ భార్య" అని మొదలైంది. అక్కడి నుంచి ఆయన పనిచేసిన ఊళ్ళు, జర్మనీ, కొరియా, కాన్సస్, ఆఖరికి ఈ టెక్సస్ ఎండ. ఆయనకొచ్చిన పతకాలు వరసగా ఉన్నాయి. ఆ వరసలో ఆమె ఎక్కడుందీ అంటే, ఆయన "వెంట నడిచింది", ఆయన ఇంటిని "తీర్చిదిద్దింది". సమాధి సంగతి రెండో పేజీలో ఉంది. సైనికుల శ్మశానంలో ఆయనకు ఇచ్చే చోటులోనే ఆమెకూ చోటు. ముందు పోతోంది కాబట్టి ప్రస్తుతానికి రాయి మీద ఆమె పేరే చెక్కుతారు. ఆయన వచ్చాక రాయి మారుస్తారు. కొత్త రాయికి ముందు వైపు ఆయన పేరు, వెనక వైపు ఆమె పేరు, దాని కింద "ఆయన భార్య" అని. చివరి పేరాలో ఇలా రాశాడు: "తీరిక వేళల్లో స్థానిక టీవీలో ఆడవాళ్ళ కోసం ఒక వినోద కార్యక్రమం చేసేది, ఆమె కాల్చే పెకాన్ గింజల తీపి పై అంటే అందరికీ ప్రాణం." టీవీలో పదిహేనేళ్ళ పనీ, పెకాన్ పై అనే మిఠాయీ ఒకే వాక్యంలో సర్దుకున్నాయి. వాటి మధ్య కామా మాత్రం సరిగానే పెట్టాడు.

తీరిక వేళలట! ఆర్డిస్‌కు నవ్వొచ్చింది, నవ్వితే కడుపులో పొడిచింది. పద్నాలుగు ఇళ్ళు మారింది. పద్నాలుగు ఇళ్ళ కిటికీలకు పద్నాలుగు కొలతల కర్టెన్లు కుట్టింది. అధికారి భార్య అంటే జీతం లేని అధికారి. కొత్తగా వచ్చిన భార్యలకు కాఫీ విందులివ్వాలి, వెండి కూజా పట్టుకుని ఎవరి హోదాకు తగ్గ వరసలో వాళ్ళకు టీ పొయ్యాలి, ఎవరి భర్త పోయాడన్న కబురొచ్చినా పాస్టరు వెనకాలే వెళ్ళి ఆ ఇంట్లో పిల్లలకు అన్నం పెట్టాలి. ఇన్ని చేసినా సైనిక ఆస్పత్రిలో ఆమె నంబరు ఎవరూ అడగరు, ప్రభుత్వం మనిషికొకటి చొప్పున ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు, ఆయనది చెప్పమంటారు. కాన్సర్ ఫలితం కూడా ఆయన నంబరు మీదే వచ్చింది. ఊరి టీవీ ఛానల్లో చేరిన రోజున కాగితం మీద తన సోషల్ సెక్యూరిటీ నంబరు రాయమంటే, చెయ్యి దానంతటదే ఆయనది రాసేసింది. పక్కనున్న ఒడెస్సా పగలబడి నవ్వింది. "నీ నంబరు రాయవే తల్లీ! మేం చేర్చుకునేది నిన్ను, మీ ఆయన్ని కాదు" అంది. ఒడెస్సా ఒక సార్జెంటు భార్య, అక్కడ కెమెరా పట్టేది. కల్నల్ భార్యను "ఏమే" అని పిలిచే మనిషి ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే.

ఆ ఛానల్ ఊరందరిదీ. నాలుగు వారాలు పని నేర్చుకుంటే ఎవరైనా సరే కెమెరా తీసుకోవచ్చు, కార్యక్రమం చేసుకోవచ్చు. టైర్ల దుకాణం వెనక ఒక గది, రెండు లైట్లు, ఒకటే ఫ్యాను. అక్కడ ఆర్డిస్ "గేటు బయట" అని కార్యక్రమం మొదలుపెట్టింది. సైనిక స్థావరం గేటు బయట అద్దె ఇళ్ళల్లో ఉండే సిపాయిల భార్యలు వచ్చి మాట్లాడేవాళ్ళు, ప్రతి గురువారం పదకొండింటికి. ఆమె ఎవరికీ భార్యగా కాకుండా కూర్చున్న కుర్చీ జీవితంలో అదొక్కటే. "ఆపండి, మళ్ళీ మొదటి నుంచి" అంటే గదిలో అందరూ ఆగేవాళ్ళు. ఇంటికెళ్తే కల్నల్ అడిగేవాడు, "ఏం, ఇవాళ నీ ఆట బాగా సాగిందా?" అని. వెటకారం కాదు పాపం, ప్రేమగానే అడిగేవాడు.

టేపులకు ఎప్పుడూ కరువే. ప్రసారమైన కార్యక్రమం మీదే కొత్తది రికార్డు చేసుకోవాలి. పొరపాటున మంచివి పోతున్నాయని ఆర్డిసే ఒక నియమం పెట్టించింది. టేపు పెట్టె మీద నిర్మాత సంతకం చేస్తే తప్ప దాన్ని చెరపకూడదు.

తొంభై ఒకటి అక్టోబరు. గల్ఫ్ ఎడారి యుద్ధం నుంచి మగవాళ్ళు తిరిగొచ్చారు. ఊరంతా పసుపు రిబ్బన్లు, బ్యాండు మేళాలు. ఆ గురువారం ఏడుగురు ఆడవాళ్ళు వచ్చారు. తిరిగొచ్చిన మొగుళ్ళు ఎలా కొడుతున్నారో చెప్పడానికి వచ్చారు. ఆరుగురు కెమెరాకు వీపు పెట్టి కూర్చున్నారు. ట్వైలా అనే ఇరవై రెండేళ్ళ పిల్ల మాత్రం కుర్చీ ఇటు తిప్పుకుంది. కన్ను వాచి మూసుకుపోయి ఉంది. "నా మొహం కనపడాలి మేడమ్. దాక్కోవడానికి నేనేం దొంగతనం చేశానా?" అంది. కెమెరా వెనక ఒడెస్సా ముక్కు ఎగబీల్చడం టేపులో వినపడింది కూడా. ఆర్డిస్ దాన్ని తీసెయ్యలేదు. అంత మంచి కార్యక్రమం తను మళ్ళీ చెయ్యలేదు.

ఆ కార్యక్రమం ఆదివారం మళ్ళీ ప్రసారం కావాలి. శనివారం మధ్యాహ్నం కల్నల్ వంటింట్లోకి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. "వసంతంలో జనరల్ పదవులకు బోర్డు కూర్చుంటుంది. పైవాళ్ళు నీ కార్యక్రమం చూశారట. ఆ టేపు ఇక లేకపోతే మంచిది" అన్నాడు. ఆమె పాలకూర కడుగుతూనే ఉంది. "నేను ఆజ్ఞ ఇవ్వట్లేదు ఆర్డిస్. అడుగుతున్నాను." అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన ఆమెను ఏదైనా అడగడం అదే మొదలు. ఆ ఒక్క మాటకే కరిగిపోయింది, పిచ్చిది. పైగా అత్తగారి ఫోను. "మొగుడి భుజం మీద జనరల్ నక్షత్రం పెళ్ళాం చేతుల్లో ఉంటుందమ్మాయ్. రాకపోతే ఆ పాపం నీదే." సాయంత్రం కాకముందే ఆర్డిస్ స్టేషన్‌కు వెళ్ళింది. పెట్టె మీద సంతకం చేసింది. ఏడుగురు ఆడవాళ్ళ మీద స్కూలు బోర్డు సమావేశం ఎక్కించింది, బస్సులు ఏ వీధిలో ఆగాలనే గంటన్నర చర్చ. టేపులు చాల్లేదని సోమవారం ఒడెస్సాతో అంది. ఒడెస్సా కేబుల్ చుట్టలు చుడుతూ తలెత్తలేదు. "భయపడ్డానని చెప్పు, నమ్ముతా. టేపులు చాల్లేదని మాత్రం నాతో అనకు."

మూడు వారాల తర్వాత ట్వైలా వచ్చింది, చంకలో ఒక బిడ్డ, చేతికి ఒక బిడ్డ. "ఒక కాపీ ఇప్పిస్తారా మేడమ్? జడ్జి గారికి చూపించాలి. కన్ను ఇప్పుడు మానిపోయిందిగా, నేను చెప్తే నమ్మట్లేదు." టేపు లేదని ఆర్డిస్ చెప్పింది. ఎందుకు లేదని ఆ పిల్ల అడగలేదు. "పోన్లెండి, మీకు ఎన్ని పనులో" అని తనే ఓదార్చి వెళ్ళిపోయింది. పిల్లల్ని తండ్రికిచ్చారని తర్వాత తెలిసింది. ట్వైలా ఏమైందో ఎవరికీ తెలియలేదు. వసంతంలో బోర్డు కూర్చుంది, లేచింది. నక్షత్రం రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. అత్తగారు మాత్రం చచ్చేదాకా ఆర్డిస్‌తో సరిగ్గా మాట్లాడలేదు.

ఆర్డిస్ జావ పక్కకు జరిపి కామాలన్నీ దిద్దింది. పతకాల పేర్లలో రెండు తప్పులుంటే సరిచేసింది. తర్వాత "తీరిక వేళల్లో" కొట్టేసింది, "వినోద" కొట్టేసింది, పెకాన్ పై కొట్టేసింది. మిగిలిన చోట ఇలా రాసింది: "పదిహేనేళ్ళు 'గేటు బయట' కార్యక్రమానికి ఆమె నిర్మాత. 1991లో ఏడుగురు స్త్రీలు ఆమెను నమ్మి, తమను భర్తలు ఎలా కొడుతున్నారో చెప్పారు. భర్త కోరగా ఆమె ఆ టేపును స్వయంగా చెరిపేసింది."

మధ్యాహ్నం కల్నల్ కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"ఇది పేపర్లో వేసే సంగతేనా?"

"జరిగిందే కదా."

"జరిగిందనుకో. మన పిల్లలు చదువుతారు. చర్చిలో వాళ్ళు చదువుతారు." ఆయన గొంతు తగ్గింది. "నేను ఆజ్ఞ ఇవ్వలేదు ఆర్డిస్. అడిగాను."

"అందుకే 'కోరగా' అని రాశాను. సరైన మాటే."

ఆయన కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. "ఈ మూడు వాక్యాలూ తీసెయ్యి. మిగతాదంతా బాగా కుదిరింది. నీకు అలవాటైన పనేగా."

ఆయన మనసులో విషం లేదు. అదే ఆమె ప్రాణానికి మరీ కష్టంగా ఉంది. ఇన్నేళ్ళకూ ఆయనకు అర్థం కాలేదు, ఇక కాబోదు. తను కళ్ళు మూసిన మర్నాడు ఆ మూడు వాక్యాలు లేకుండానే పేపరు వస్తుంది. ట్వైలా ఎక్కడుందో, ఉందో లేదో, ఉన్నా ఈ ఊరి పేపరు ఎందుకు చూస్తుంది? ఇప్పుడు తను ఏం రాసినా ఎవరి బిడ్డలూ ఎవరి దగ్గరికీ తిరిగి రారు. ఆర్డిస్‌కు అదంతా తెలుసు. అయినా కాగితాన్ని తిప్పి ఆయన ముందుకే జరిపి, దాని మీద పెన్సిల్ పెట్టింది.

"నేను పోయాక ఎటూ తీసేస్తావు రాయిస్. ఇప్పుడే, నేను చూస్తుండగా తీసెయ్యి. ఈసారి చెరిపే చెయ్యి మాత్రం నీదే కావాలి."